సెక్షన్ డ్రాయింగ్‌లో ఒక ప్రశ్నార్థకం

పురావస్తు తవ్వకాల్లో నా మొదటి సీజన్ ముగిసేసరికి నాకు చెప్పుకోదగ్గ వస్తువు ఒక్కటీ దొరకలేదు. పక్క ట్రెంచ్‌లో పూసలు బయటపడుతుంటే, నేను అయిదు మీటర్ల చదరంలో గట్టిపడిన ఒక పాత ఇంటి నేలను తాపీతో గీకుతూ, మట్టిని కాస్త తడిపి మన్సెల్ రంగుల పట్టికతో పోల్చి ‘10వైఆర్ 4/3’ అని నమోదు చేసుకుంటూ కూర్చున్నాను. ఈ వృత్తిలో నిలబడడానికి ఆ నమోదులే ఆధారమవుతాయని అప్పుడు తెలియలేదు.

ఆ నేలమీద దొరికిన బొగ్గును రేకులో చుట్టి, సంచిమీద పొర సంఖ్య వేసి పంపాను. కొన్ని నెలలకు వచ్చిన రేడియోకార్బన్ ఫలితం మేము ఊహించిన కాలానికి కొన్ని శతాబ్దాలు ఇవతల ఉంది. అందరూ మొదట ప్రయోగశాలనే అనుమానించారు, నేనూ అదే అన్నాను. విల్లార్డ్ లిబ్బీ 1940ల చివర్లో రూపొందించిన ఈ పద్ధతి, సుమారు 5,730 ఏళ్లకు సగమయ్యే కార్బన్-14 ఎంత మిగిలిందో కొలిచి, ఆ కట్టె సజీవంగా ఉన్న కాలాన్ని అంచనా వేస్తుంది గాని, దాన్ని నేను నిజంగా ఏ పొరనుంచి తీశానో చెప్పలేదు కదా.

జవాబు నా డ్రాయింగ్‌లోనే ఉంది. మార్టిమర్ వీలర్, క్యాథ్లీన్ కెన్యన్‌ల పద్ధతిని అనుసరించి మేము చదరాల మధ్య తవ్వని గట్లు వదిలేవాళ్లం. ఆ గట్టు నిలువు ముఖాన్ని 1:10 కొలతలో గీస్తున్నప్పుడు, నేలను కోసుకుంటూ కిందికి దిగిన ఒక సన్నని గీత కనిపించింది. అర్థం కాకపోయినా చెరిపేయకుండా, పక్కన ప్రశ్నార్థకం పెట్టి వదిలేశాను. అది తరువాతి కాలంవాళ్లు తవ్విన గుంట అంచు. నా బొగ్గు ఆ గుంటను పూడ్చిన మట్టిలోది. రెండు మట్లూ ఒకే రంగులో ఉండడంవల్ల పైనుంచి తవ్వుతున్నప్పుడు తేడా పట్టుకోలేకపోయాను.

తప్పును ఒప్పుకుంటూ రెండు పేజీలు రాసి ఇచ్చాను. ఏ పొర ముందుదో, ఏది తరువాతిదో చూపేందుకు ఎడ్వర్డ్ హారిస్ 1973లో రూపొందించిన మాట్రిక్స్ అనే పటం ప్రకారం గుంట కోతకు ఒక సంఖ్య, అందులోని పూడికకు మరో సంఖ్య, నేలకు వేరే సంఖ్య ఇచ్చి క్రమాన్ని మళ్లీ వేశాను. తవ్వకానికి నాయకత్వం వహించినవారు తిట్టలేదు. ఆ ట్రెంచ్ నివేదికంతా నన్నే రాయమన్నారు. రెండో సీజన్‌కు పిలుపు వచ్చింది ఆ రాతవల్లేనని నా నమ్మకం.

ఆ తరువాతి ఏళ్లు ఒప్పందాల మీద సాగాయి. తవ్వకం కొన్ని నెలలే ఉంటుంది, తక్కిన కాలమంతా ఖాళీ. అందుకే కుండపెంకుల అధ్యయనంలో పట్టు సంపాదించాను. అంచు వంపునుబట్టి పాత్ర వ్యాసం అంచనా వేయడం, మట్టిలో కలిపిన ఇసుకనూ ఊకనూ గుర్తించడం వంటి పనులు వాన రోజుల్లో కూడా జీతం తెచ్చిపెట్టాయి. దూరాలనూ కోణాలనూ కొలిచే సర్వే పరికరం టోటల్ స్టేషన్ వాడకం వారంలో వచ్చేసింది. మోకాళ్ల నొప్పి మాత్రం వచ్చి, ఉండిపోయింది.

కొత్తగా చేరేవారు ఎక్కడ తవ్వాలని నన్ను అడుగుతుంటారు. తవ్విన పొరను మళ్లీ పేర్చలేం కాబట్టి, నివేదికలు సకాలంలో వెలువరించే బృందాన్ని వెతుక్కోమని చెబుతాను. ఈ సలహా ఇచ్చే అర్హత నాకు పూర్తిగా లేదనుకోండి: నాలుగో సీజన్‌లో నేను తవ్విన ట్రెంచ్ పెంకులు ఇంకా పదకొండు పెట్టెల్లో ఉన్నాయి, వాటిలో ఏడింటినే నమోదు చేశాను.