మట్టి కవరులో వచ్చిన ఉత్తరం
నేటి ఉత్తర ఇరాక్ ప్రాంతపు ప్రాచీన ప్రజలైన అస్సీరియన్లనగానే యుద్ధరథాలూ వారి రాజధాని నీనెవె కోటగోడలూ గుర్తుకు వస్తాయి గానీ, నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది అంతకు వెయ్యేళ్లకు పైగా ముందు, క్రీ.పూ. 1900 ప్రాంతంలో, వారి అష్షూరు నగరపు వర్తకులు సాగించిన జీవితం. వారు తగరాన్నీ ఉన్ని వస్త్రాలనూ గాడిదలపై వేసుకుని, సుమారు 1,000 కిలోమీటర్లు ప్రయాణించి, నేటి తుర్కియేలోని కనేష్ పట్టణంలో వెండికీ బంగారానికీ అమ్మేవారు. ఆ వస్త్రాలలో చాలావాటిని నేసింది అష్షూరులో ఉండిపోయిన ఇంటి ఆడవారే.

కనేష్ శిథిలాలలో దొరికిన 20,000కు పైగా మట్టి పలకలలో, పుషుకెన్ అనే వర్తకుడికి భార్య లమస్సి పంపిన ఉత్తరాలు కూడా ఉన్నాయి. పంపిన బట్టల గురించీ రావలసిన వెండి గురించీ ఆమె భర్తను నిలదీసే తీరు చదువుతుంటే, నాలుగు వేల ఏళ్ల దూరం నాకైతే తోచలేదు. ఉత్తరాన్ని మట్టి కవరులోనే పెట్టి, పైన ముద్ర వేసి పంపేవారు. చదవాలంటే ఆ కవరును పగలగొట్టవలసిందే.