ఆర్కేడ్ క్యాబినెట్‌లో లైట్లకి కరెంటు ఎక్కణ్ణించి తియ్యాలి

ఇంట్లో ఆర్కేడ్ క్యాబినెట్ (నిలబడి వీడియో గేములాడే చెక్క పెట్టె) కట్టేవాళ్ళు ప్లైవుడ్ కోతకీ, జాయ్‌స్టిక్కులకీ పెట్టినంత శ్రద్ధ లైట్ల కరెంటు మీద పెట్టరు. అంతా అయ్యాక ఎల్‌ఈడీ స్ట్రిప్పు తెచ్చి, ఆటలు నడిపే ‘రాస్ప్‌బెర్రీ పై’ అనే చిన్న కంప్యూటర్ బోర్డు 5 వోల్టుల పిన్నుకి తగిలించేస్తారు. ఆట మధ్యలో తెర మూలన పసుపు మెరుపు గుర్తు వస్తే, బోర్డుకి అందే వోల్టేజి 4.63 కిందికి జారిందన్నమాట. లైట్లకి సప్లై వేరే ఉండాల్సిందే.

ముందు లెక్క. మీటరుకి 60 ఎల్‌ఈడీలుండే 12 వోల్టుల 5050 (ఇది ఎల్‌ఈడీ సైజు) స్ట్రిప్పు, మీటరుకి దాదాపు 1.2 ఆంపులు లాగుతుంది. రెండు పక్కలా ఒకటిన్నర మీటర్ల చొప్పున వేస్తే 3.6. పైన పేరు బోర్డు వెనక 60 సెంటీమీటర్ల ముక్కకి 0.72. లైటు బటన్లు 20, ఒక్కోటి 20 మిల్లీఆంపులైతే 0.4. గాలికి చిన్న ఫ్యాను 0.2. మొత్తం 4.92 ఆంపులు. 5 ఆంపుల ఎస్‌ఎంపీఎస్ (ఇంటి కరెంటుని 12 వోల్టుల డీసీగా మార్చే డబ్బా) చాలనిపిస్తుంది, చాలదు. మే నెల ఉక్కలో, మూసిన పెట్టెలో, నిండు లోడు మీద నడిస్తే కెపాసిటర్లు ఉబ్బుతాయి. లోడు 80 శాతం దాటకూడదు కాబట్టి 8.5 ఆంపులదో 10 ఆంపులదో తీసుకోండి. సైన్‌బోర్డుల్లో వాడే చిల్లుల రేకు డబ్బా రకం బాగానే పనిచేస్తుంది. పక్కన 110/220 స్విచ్చి ఉంటే 220 వైపే ఉందా అని ప్లగ్గు పెట్టకముందే చూడండి. రేకు డబ్బాకి ఎర్తు తప్పనిసరి.

డబ్బాని అడుగు చెక్క మీద పెట్టకండి, జానెడు ఎత్తున పక్క గోడకి బిగించండి. ఇల్లు తుడిచిన నీళ్ళూ, వానాకాలం నేల చెమ్మా అడుగు నుంచే ఎక్కుతాయి. గాలి చిల్లులకి సన్నటి జాలీ కొట్టండి. వెచ్చగా ఉంటుందని బల్లి దూరి 230 వోల్టుల స్క్రూల మధ్య పడితే ఫ్యూజుతో పోదు.

కాకినాడ, నరసాపురం, అంతర్వేది వైపు ఉప్పుగాలికి మెలిపెట్టి టేపు చుట్టిన జాయింటు నిలవదు. రాగికి పచ్చగా చిలుము పడుతుంది, ఉక్కకి టేపు జిగురు జారుతుంది. వైరుకి వైరు కలిపే చోట సోల్డర్ చేసి హీట్ ష్రింక్ ట్యూబు (వేడి చేస్తే ముడుచుకుని బిగిసే గొట్టం) తొడగండి. స్క్రూ కింద పెట్టే కొసకి మాత్రం సోల్డర్ వద్దు, థింబుల్ (వైరు కొసకి తొడిగే లోహపు తొడుగు) నొక్కండి. సోల్డర్ మెత్తటిది, స్క్రూ ఒత్తిడికి నెమ్మదిగా అణిగి లూజవుతుంది.

పక్క స్ట్రిప్పులకి 1 ఎస్‌క్యూ ఎంఎం (చదరపు మిల్లీమీటరు) వైరు, బటన్లకి 0.5. రెండు పక్కలకీ ఎస్‌ఎంపీఎస్ నుంచి విడివిడిగా లైన్లు లాగండి. ఒకదాని కొసన ఇంకోటి కలిపితే చివర వెలుగు మందగిస్తుంది. పక్క స్ట్రిప్పుల లైనుకి 5 ఆంపులు, మిగతా వాటికి 2 ఆంపుల ఫ్యూజు. బైకు స్పేర్ల షాపులో దొరికే బ్లేడు ఫ్యూజులు, హోల్డర్లు చాలు.

రంగులు పరిగెత్తే డబ్ల్యూఎస్ 2812బి స్ట్రిప్పు 5 వోల్టులది. నిండు తెలుపులో ఒక్కో ఎల్‌ఈడీ 60 మిల్లీఆంపులు, అంటే 60 ఎల్‌ఈడీల మీటరుకి 3.6 ఆంపులు. 5 వోల్టులని దూరం నుంచి తెస్తే దెబ్బతింటారు. 0.5 వైరు మీద రెండు మీటర్ల దూరానికి, 3 ఆంపుల దగ్గర, రానూపోనూ అర వోల్టు దాకా వైరులోనే పోతుంది. 12 వోల్టులనే స్ట్రిప్పు దాకా తెచ్చి, అక్కడ బక్ కన్వర్టర్ (12 వోల్టులని 5కి దించే చిన్న బోర్డు) పెట్టండి. అలాంటి ఎల్‌ఎం 2596 బోర్డు మీద 3 ఆంపులని రాసి ఉన్నా హీట్ సింక్ (వేడి లాగే లోహపు రేకు) లేకుండా 2 దాటనివ్వకండి. ప్రోగ్రాములో వెలుగు సగానికి తగ్గించడం సులువు. ఈ రంగుల స్ట్రిప్పునీ, మొదటి లెక్కలో లేని లోడు కాబట్టి, 12 వోల్టుల వైపు కలుపుకోండి. డేటా పంపే బోర్డు గ్రౌండూ, స్ట్రిప్పు గ్రౌండూ కలపకపోతే రంగులు పిచ్చిపిచ్చిగా మెరుస్తాయి.

ఆంప్లిఫైయర్‌ని ఈ సప్లై మీద వెయ్యకండి. లైట్ల వెలుగు తగ్గించే డిమ్మర్ ఉంటే దాని గోల స్పీకర్లో జుయ్యిమని వినిపిస్తుంది. దానికి వేరే అడాప్టర్ ఇవ్వండి. అప్పటికీ మోత తగ్గకపోతే ఆడియో వైరులో గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ (గ్రౌండు వైరు గుండా వచ్చే మోతని ఆపే చిన్న డబ్బా) పెట్టండి.

టీవీ ఆన్ చేస్తే లైట్లూ వెలగాలంటే, టీవీ యూఎస్‌బీ నుంచి 5 వోల్టుల రిలే మాడ్యూల్ (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్, ఆఫ్ చేసే స్విచ్చి) నడిపి, దాని కాంటాక్టుల్లోంచి ఎస్‌ఎంపీఎస్ 12 వోల్టుల లైను పంపండి. రిలే 10 ఆంపులది కావాలి. టీవీ ఆపినా యూఎస్‌బీలో కరెంటు ఉండే మోడళ్ళున్నాయి, మీటరుతో ముందే చూసుకోండి.

అన్నీ నిండుగా వెలిగించి అరగంట ఉంచండి. తర్వాత ప్లగ్గు పీకి, రెండు నిమిషాలాగి, 12 వోల్టుల వైపు స్క్రూలు తాకి చూడండి. ఏది వేడిగా ఉంటే దాన్ని విప్పి థింబుల్ మళ్ళీ నొక్కండి.