అటుకులు పంచినప్పుడు రసీదు ఎవరు రాస్తారు?

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది, మా గజపతి జిల్లాలోనూ చెట్లు, కరెంటు స్తంభాలు పడిపోయాయి, వంశధార పొంగి కాశీనగర్ వైపు ఊళ్లు మునిగాయి. మేం పద్నాలుగు మందిమి గొడ్డళ్లు పట్టుకెళ్లి రోడ్డుకి అడ్డంగా పడ్డ చెట్లు నరికాం, అటుకులు బెల్లం పంచాం, అంతే. మా యువ సంఘం రిజిస్ట్రేషన్ తర్వాతెప్పుడో చేయించాం, అదీ రక్తదాన శిబిరం కోసం.

2024లో మా బావ శ్రీకాకుళం నుంచి ఫోన్ చేసి, విపత్తుల్లో పనిచేసినవాళ్లకి కేంద్రం ఇచ్చే సుభాష్ చంద్రబోస్ ఆపదా ప్రబంధన్ పురస్కారానికి పెట్టండ్రా, సంస్థకైతే 51 లక్షలు, మనిషికైతే 5 లక్షలు అన్నాడు. ఆ రాత్రే మావాడొకడు అంబులెన్స్‌కి రంగు ఖాయం చేసేశాడు. (ఆ డబ్బు విపత్తు పనులకే వాడాలి, కాబట్టి వాడి కల మరీ తప్పేం కాదు.)

దరఖాస్తంతా ఆన్‌లైనే. వివరాలు ఎక్కించడం తేలిక, రుజువుల దగ్గరే మొదలైంది టెన్షన్. వాట్సాప్‌లో పది చేతులు మారిన ఫోటోలకి తేదీ ఎక్కడుంటుంది? ఎంతమందికి పంచామో ఎవరు లెక్కపెట్టారు? చివరికి మమ్మల్ని ఆదుకున్నది కిరాణా షావుకారి ఖాతా పుస్తకం, ఎందుకంటే ఆ అటుకులు, బెల్లం మేం అప్పుకి తెచ్చాం! తేదీ, బస్తాలు, మా పేరు, ఇంకా తీరని బాకీ, అన్నీ ఉన్నాయి. ఫోటో తీసి పెట్టేశాం, బాకీ ఉన్న పేజీ మాత్రం వదిలేశాం.

ఇంకో తలనొప్పి మా సంఘం పేరు. సర్పంచ్ గారు ఒడియాలో ఉత్తరం ఇచ్చారు. ఒడియాలో యువ అంటే జుబ అని పలుకుతారు కదా, ఇంగ్లీషులోకి మార్చినాయన అలాగే రాశాడు, రిజిస్ట్రేషన్‌లో యువ, ఉత్తరంలో జుబ. రెండూ ఒకటేనని రాయించుకోడానికి రెండుసార్లు తిరిగాను.

2025 జనవరి 23న ప్రకటించారు. 297 దరఖాస్తుల్లోంచి హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్‌కి వచ్చింది, సునామీ హెచ్చరికలు ఇచ్చేవాళ్లు. వాళ్లతో మాకు పోటీ ఏంటి, నవ్వొచ్చింది. "పోనీలే, తెలుగు నేలకే వచ్చింది" అన్నాడు బావ.

ఆ అక్టోబర్ చివర్లో మొంథా తుఫాను వస్తుందనగానే ముందు ఒక పొడుగు పుస్తకం కొన్నాం, తర్వాత అదే షావుకారి కొట్టుకెళ్లి అటుకులకి రసీదు అడిగాం. "రసీదు సరే బాబూ, తిత్లీ బాకీ ఎప్పుడిస్తారు?" అన్నాడు.