ఫ్లెక్సీ మీద వేడుక, నల్ల కవరులో ప్యాకెట్టు

గ్లాస్గోలో నేను పనిచేసే మందుల దుకాణంలో శానిటరీ ప్యాడ్ల అర కౌంటరుకు ఎదురుగానే ఉంటుంది. భార్య కోసమో కూతురి కోసమో వచ్చిన మగవారు సైజు, ధర చూసుకుని దగ్గు మందుతో పాటు వాటినీ తెచ్చి కౌంటరు మీద పెడతారు. అమలాపురంలో అయితే షాపు కుర్రవాడు ప్యాకెట్టును పాత పేపరులో చుట్టి, ఆపైన నల్ల కవరులో పెట్టి, చిల్లర లెక్కపెట్టక ముందే చేతిలో ఉంచేవాడు.

ఇక్కడివారికీ ఈ బిడియం వదిలి ఎన్నో ఏళ్లు కాలేదు. ప్రకటనల్లో దశాబ్దాల పాటు రక్తానికి బదులు నీలిరంగు నీళ్లే పోశారు. 2017లో బాడీఫామ్ అనే ప్యాడ్ల బ్రాండు 'బ్లడ్ నార్మల్' పేరుతో తీసిన ప్రకటనలోనే బ్రిటన్ ప్రేక్షకులు మొదటిసారి ఎర్రరంగును చూశారు. దుకాణంలో ప్యాడ్లు కొనే యువకుడు కూడా అందులో కనిపిస్తాడు. 2022 ఆగస్టు నుంచి స్కాట్లాండ్‌లో స్థానిక సంస్థలు, విద్యాసంస్థలు ప్యాడ్లను ఉచితంగా అందుబాటులో ఉంచాలన్న చట్టం అమలులోకి వచ్చింది. మరక పడుతుందన్న భయాన్ని ఏళ్ల తరబడి అమ్ముకున్న కంపెనీలే ఇప్పుడు ధైర్యాన్ని కూడా అమ్ముతున్నాయన్నది నిజమే అయినా, ఆ ఎర్రరంగు వల్ల మేలు జరిగిందనే నేను అనుకుంటాను.

మన దేశంలో విస్పర్ బ్రాండు 2014లో ఊరగాయ జాడీని ముట్టుకోమంటూ చేసిన ప్రచారానికి మరుసటి ఏడాది కాన్ ప్రకటనల ఉత్సవంలో పెద్ద బహుమతి వచ్చింది. ఆ ప్రకటన చూసి బాగుందన్న మా అమ్మ, ఆ వేసవిలో కూడా ఆవకాయ జాడీ దగ్గరికి మా చెల్లిని రానివ్వలేదు.

నిజానికి మా కోనసీమలో ఈ విషయం మీద ప్రకటనలకు కొదవ లేదు. ఆడపిల్ల పెద్దమనిషి కాగానే చిమ్మిలి తినిపించి, ముహూర్తం చూసి, మేనమామలతో పాటు పార్టీ నాయకుల ఫొటోలు కూడా వేసి, సెంటరులో నిలువెత్తు ఫ్లెక్సీ కట్టిస్తారు. తన శరీరం సంగతిని ఊరికి చాటడం ఇష్టమేనా అని ఆ పిల్లను అడిగేవారు మాత్రం ఉండరు. అంత ఆర్భాటంగా చాటిన విషయమే మరుసటి నెల నుంచి వంటింటి గుమ్మం దాటి వినిపించకూడదు. టీవీ ప్రకటన పట్టుకోలేకపోయిన ముడి ఇక్కడే ఉందని నాకు అనిపిస్తుంది, ఎందుకంటే మనవాళ్లు దాచేది రక్తాన్ని కాదు, పెళ్లి మాటలతో సంబంధం లేని రక్తాన్ని.

మా మేనకోడలి ఓణీల ఫంక్షన్‌కు ఫ్లెక్సీ మీద వేయడానికి మేనత్తగా నా ఫొటో పంపమని అన్నయ్య అడిగాడు. ముందు పిల్లను అడగమనీ, తను వద్దంటే ఫ్లెక్సీయే మానుకోమనీ, సరేనంటే నా ఫొటో స్థానంలో ప్యాడును నాలుగు నుంచి ఆరు గంటలకొకసారి మార్చుకోవాలన్న వాక్యం వేయించమనీ చెప్పాను. అన్నయ్య ఇంకా ఏ సంగతీ తేల్చలేదు. వదిన మాత్రం, వేయిస్తే ఆ అక్షరాలు నాయకుల పేర్ల కన్నా పెద్దవిగా ఉండాలంటోంది.