బేరమాడే హక్కు ఎవరి తీర్పుకు లోబడాలి?

2019 అక్టోబరు 24న హుజూర్‌నగర్ ఉప ఎన్నిక ఫలితం వెలువడే నాటికి తెలంగాణ ఆర్టీసీ సమ్మె ఇరవయ్యో రోజుకు చేరింది. దాదాపు 48 వేల మంది కార్మికులు విధులకు దూరంగా ఉన్నారు. గడువులోగా చేరనివారు తమంతట తామే ఉద్యోగాలు వదులుకున్నట్టేనని ముఖ్యమంత్రి అప్పటికే ప్రకటించి ఉన్నారు. ఉప ఎన్నికలో అధికార పార్టీ 43 వేలకు పైగా ఆధిక్యంతో గెలిచింది. నాకు తెలిసినవారిలో చాలామంది, కార్మికుల పట్ల సానుభూతి ఉన్నవారు సైతం, ప్రజలే తీర్పు చెప్పాక ఇంకా సమ్మె ఎందుకని అడిగారు. ఆ వాదనను నేను ఆనాడు ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోలేకపోతున్నాను. ఒక నియోజకవర్గపు ఓటరు పింఛను, సాగునీరు, అభ్యర్థి, కులం, పార్టీ అన్నీ కలిపి ఒకే మీట నొక్కుతాడు. ఎక్కడో ఆదిలాబాద్ డిపోలో పనిచేసే డ్రైవరు జీతభత్యాల సంగతి ఆ మీటలో ఎంత పాలు ఉందో ఎవరు చెప్పగలరు?

మరి న్యాయస్థానం ఏం చేయగలిగింది? హైకోర్టు వారాల తరబడి ఇరుపక్షాలనూ చర్చలకు కూర్చోమని కోరింది, సుప్రీంకోర్టు విశ్రాంత న్యాయమూర్తులు ముగ్గురితో కమిటీ వేద్దామని సూచించింది. ప్రభుత్వం దానికి అంగీకరించలేదు. నవంబరు 18న హైకోర్టు ఆ వివాదాన్ని కార్మిక శాఖ కమిషనరుకు వదిలిపెట్టింది. 52 రోజుల తరువాత కార్మిక సంఘాల ఐక్య కార్యాచరణ సమితి (జేఏసీ) బేషరతుగా సమ్మె విరమించింది; ఆ తరువాత మంత్రివర్గం దయతలచి అందరినీ విధుల్లోకి తీసుకుంది. ఉద్యోగాలు దక్కినందుకు నేనూ సంతోషించాను గానీ, వాటిని దక్కించినది ఇరుపక్షాలూ సంతకాలు చేసిన ఒప్పందం కాదు. పైగా సంఘాల స్థానంలో డిపోకు ఇద్దరు సభ్యుల చొప్పున సంక్షేమ మండళ్లు వచ్చాయి. జీతం పెరిగినా తరిగినా, బేరమాడే గొంతు లేకుండా పోవడమే ఆ సమ్మెలో జరిగిన అసలు నష్టమని నా నమ్మకం.

న్యాయస్థానాల నిస్సహాయతకు మూలం పాతది. రాజ్యాంగంలోని 19(1)(సి) అధికరణం సంఘం పెట్టుకునే హక్కు ఇచ్చింది. అయితే ఆ హక్కులో ఫలవంతమైన సామూహిక బేరసారాల హామీ గానీ, సమ్మె హక్కు గానీ ఇమిడి లేవని బ్యాంకు ఉద్యోగుల కేసులో సుప్రీంకోర్టు 1961లోనే తేల్చింది. 2003లో తమిళనాడు ప్రభుత్వం సమ్మె చేసిన దాదాపు 1.7 లక్షల మంది ఉద్యోగులను, ఉపాధ్యాయులను ఒక్క ఆర్డినెన్సుతో తొలగించింది. సుప్రీంకోర్టు చొరవతో, క్షమాపణ రాసి ఇచ్చినవారిలో అత్యధికులకు ఉద్యోగాలు తిరిగి వచ్చాయి. కానీ అదే తీర్పు ప్రభుత్వోద్యోగులకు సమ్మె చేసే ప్రాథమిక హక్కు, చట్టబద్ధ హక్కు, చివరకు నైతిక హక్కు కూడా లేవంది. నైతికత గురించి అంత నిశ్చయంగా చెప్పవలసిన అవసరం ఆ ధర్మాసనానికి ఎందుకు కలిగిందో నాకు నేటికీ బోధపడదు. మరుసటి ఏడాది లోక్‌సభ ఎన్నికల్లో అక్కడి అధికార పార్టీకి 39 స్థానాల్లో ఒక్కటీ రాలేదు. ఫలితాలు వచ్చిన కొద్ది రోజులకే ఉద్యోగులపై చర్యలను జయలలిత ఉపసంహరించుకున్నారు.

అలాగైతే ఓటరే మేలు కదా అని ఎవరైనా అనవచ్చు. చెన్నైలో కలిసొచ్చిన ఓటు హుజూర్‌నగర్‌లో కలిసిరాలేదన్నదే దానికి నా సమాధానం. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్నికల హామీ ప్రకారం 2020 జనవరి 1 నుంచి ఆర్టీసీ సిబ్బంది ప్రభుత్వోద్యోగులయ్యారు. ఓటు వారికి భద్రత ఇచ్చిన మాట నిజమే, కానీ యాజమాన్యంతో కుదుర్చుకునే వేతన ఒప్పందం పోయి, దాని స్థానంలో ప్రభుత్వం నియమించే వేతన సవరణ సంఘం (పీఆర్సీ) సిఫారసు వచ్చింది.

కోర్టు తీర్పు, సాధారణ ఎన్నికల ఓటు, ఈ రెంటికంటే నాకు ఆదర్శంగా కనిపించేది సింగరేణి. అక్కడ 1998 నుంచి, యాజమాన్యంతో చర్చలు జరిపే గుర్తింపు సంఘాన్ని కార్మికులే రహస్య బ్యాలెట్ ద్వారా ఎన్నుకుంటున్నారు. 2017 తరువాత జరగవలసిన ఎన్నిక పదేపదే వాయిదా పడింది. 2023 డిసెంబరులో ఇంకా వాయిదా కోరినప్పుడు హైకోర్టు నిరాకరించింది. ఆ నెల 27న దాదాపు 40 వేల మంది ఓటర్లున్న ఎన్నిక జరిగి, ఏఐటీయూసీ గుర్తింపు సంఘంగా గెలిచింది. న్యాయస్థానం ఇక్కడ జీతమెంతో నిర్ణయించలేదు, సమ్మె మంచిచెడ్డల జోలికి వెళ్లలేదు. గనిలోకి దిగేవాడి ఓటు అతని చేతికి అందేలా మాత్రం చూసింది. ఆ ఓటుకు చట్టంలో బలమూ ఉంది. గుర్తింపు పొందిన సంఘంతో సద్భావంతో చర్చించడానికి యాజమాన్యం నిరాకరిస్తే దాన్ని అప్పటి పారిశ్రామిక వివాదాల చట్టం అనుచిత కార్మిక విధానాల జాబితాలో చేర్చింది. గుర్తింపు లేని సంఘానికి ఆ రక్షణ వర్తించదు.

2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ 51 శాతం కార్మికుల మద్దతున్న సంఘాన్ని ఏకైక చర్చల సంఘంగా గుర్తించాలంటోంది. ఇది మంచి అడుగే. అయితే ఆ 51 శాతాన్ని ఎలా లెక్కించాలో కోడ్ నేరుగా చెప్పకుండా నిబంధనలకు వదిలింది. సభ్యత్వ రసీదులను యాజమాన్యం గదిలో లెక్కపెట్టడానికీ, పెట్టెలో రహస్యంగా ఓటు వేయడానికీ ఉన్న తేడా ఏ కార్మికుడికైనా తెలుసు. ఆ నిబంధనలపై వివాదాలు రేపు హైకోర్టుల ముందుకు వస్తే, న్యాయమూర్తులు 1961 నాటి తీర్పుతో పాటు సింగరేణి ఎన్నికను కూడా గుర్తుచేసుకుని, రహస్య బ్యాలెట్‌నే తప్పనిసరి చేయాలని కోరుకుంటున్నాను.