చెవి కొస లేని పిల్లులు

రెండేళ్ల క్రితం మా అపార్ట్‌మెంట్ సెల్లారులో ఒకే ఒక్క పిల్లి ఉండేది. తెలుపు, నలుపు, నారింజ కలిసిన మూడు రంగుల పిల్లి దాదాపు ఎప్పుడూ ఆడదేనన్న సంగతి తెలియక, జాలిపడి రోజూ పెరుగన్నం పెట్టాను. ఏడాది తిరిగేసరికి మెట్ల కింద, జనరేటర్ గది వెనక, కార్ల బానెట్ల మీద కలిపి 11 పిల్లులు లెక్కకు తేలాయి.

పిల్లి గర్భం దాదాపు 9 వారాలు. నాలుగైదు నెలల వయసుకే ఎదకు రాగలదు, పిల్లలకు పాలిస్తూనే మళ్లీ చూడికట్టగలదు. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ సంగతి ఆలోచించకుండా తిండి మాత్రమే పెట్టడం నేను చేసిన తప్పు. అన్నిటినీ ఊరి బయట వదిలేసి రమ్మని అసోసియేషన్ మీటింగులో కొందరు పట్టుబట్టారు గానీ, తిండీ నీడా ఉన్న చోటు ఖాళీ అయితే కొత్త పిల్లులు వచ్చి చేరతాయి. పట్టుకుని, ఆపరేషన్ చేయించి, తిరిగి అక్కడే వదలడమే నాకు సబబుగా తోచింది. 2001 నాటి జంతు జనన నియంత్రణ నియమాల పేరులో బ్రాకెట్లో ‘కుక్కలు’ అని ఉండేది; వాటి స్థానంలో 2023లో వచ్చిన నియమాల పేరులో ఆ మాట లేదు. అయినా మా వీధికి కుక్కలను పట్టే బండి వచ్చింది తప్ప, పిల్లుల కోసం ఎవరూ రాలేదు. బోను నేనే కొన్నాను.

కుర్రపిల్లులు సులువుగానే చిక్కాయి. బోను మీద పాత దుప్పటి కప్పితే చాలు, లోపలి పెనుగులాట ఆగిపోతుంది. మత్తులో ఉండగానే డాక్టరు ఎడమ చెవి కొసను తిన్నగా కత్తిరిస్తారు; దూరం నుంచే ఆ గుర్తు కనిపిస్తే అదే పిల్లిని రెండోసారి పట్టి హింసించే పని ఉండదు. అసలు తల్లిపిల్లి మాత్రం మూడు వారాలు ముప్పుతిప్పలు పెట్టింది. చివరికి బోను తలుపు తెరిచే ఉండేలా తాడుతో కట్టి, వారం పాటు అందులోనే అన్నం పెట్టి, ఎనిమిదో రాత్రి తాడు విప్పి ఎండు నెత్తళ్లు ఉంచాను. తెల్లవారుజామున నాలుగింటికి తలుపు పడిన చప్పుడుకు వాచ్‌మన్ కూడా లేచి వచ్చాడు.

ఈ ఏడు సెల్లారులో ఒక్క పిల్లకూన కూడా పుట్టలేదు. అయితే మొన్న రాత్రి గోడ మీద రెండు చెవులూ నిండుగా ఉన్న ఎర్ర గండుపిల్లి ఒకటి కనిపించింది. అటక మీది బోను దించి తలుపు మడతబందులకు నూనె వేశాను.