తెచ్చే కుక్కకు వెతకడం నేర్పడం

విసిరిన వస్తువును తెచ్చి ఇవ్వడం లాబ్రడార్‌కు పుట్టుకతో వచ్చిన విద్య. న్యూఫౌండ్‌లాండ్ తీరంలో జాలరుల వెంట తిరిగిన కుక్కల సంతతిని బ్రిటన్‌లో వేటకు మలచగా ఏర్పడిన జాతి ఇది. అందువల్ల చెరువు గట్టున కదలకుండా కూర్చుని, బాతు నీటిలో పడ్డాక ఈదుకుంటూ వెళ్ళి తీసుకురావడం దానికి సులువుగా అబ్బుతుంది. అమెరికాలోని దక్షిణ డకోటా రాష్ట్రపు గడ్డి మైదానాల్లో ఫెజెంట్ అనే కోడి జాతి పక్షి వేటకు వెళ్తే మాత్రం వరుస మారిపోతుంది. అక్కడ కుక్క మనకంటే ముందు నడవాలి, గడ్డిలో నక్కిన పక్షిని పసిగట్టాలి, దాన్ని గాలిలోకి లేపాలి, ఆ తరువాతే తేవడం. మా లాబ్రడార్ భైరవికి ఈ పని నేర్పుతూ నేను తేల్చుకున్నదేమిటంటే, శిక్షణలో ముప్పాతిక భాగం కుక్కను తుపాకి అందుబాటులో తిరిగేలా చేయడానికే పోతుంది.

పాయింటర్, సెట్టర్ జాతుల కుక్కలు వాసన తగలగానే బొమ్మలా నిలిచిపోయి మనిషి వచ్చేదాకా ఆగుతాయి కనుక, అవి దూరంగా వెళ్ళినా నష్టం లేదు. లాబ్రడార్‌లు చాలావరకు అలా ఆగవు. వాసన దొరికిన మరుక్షణం లోపలికి దూకి పక్షిని లేపేస్తాయి. ఫెజెంట్‌పై తుపాకి గుళ్ళు నమ్మకంగా పనిచేసేది సుమారు 35-40 గజాల వరకే. పక్షి లేచి, మనం తుపాకి భుజానికి ఆనించేలోపు కొంత దూరం ఎలాగూ పోతుంది కాబట్టి కుక్క 20-25 గజాలు దాటకూడదు. అంతకు మించి ఎంత చురుకుగా వెతికినా, అది తన సరదా కోసం తిరుగుతున్నట్టే లెక్క.

ఇది ఈలతో మొదలవుతుంది. ఒక్క పొడవాటి ఊదుకు కూర్చోవాలి, గబగబా ఊదే పొట్టి ఊదులకు వెనక్కి రావాలి. ఈ రెండూ అన్నం గిన్నె దగ్గరా, పెరట్లోనూ, పొడవాటి తాడు కట్టి ఖాళీ మైదానంలోనూ పక్కాగా కుదిరాకే గడ్డి భూములకు తీసుకువెళ్ళాలి. (నోటి మాటలు మాత్రం నేను తెలుగులోనే చెబుతాను, పక్కవాళ్ళు తమ కుక్కలపై ఎంత అరిచినా భైరవి పట్టించుకోదు.) ఆ తరువాత ఎదురుగాలికి నడుస్తూ, నేను ఎడమకు తిరిగితే అదీ ఎడమకు, కుడికి తిరిగితే కుడికి వచ్చేలా అడ్డదిడ్డంగా కాక ఒక పద్ధతిలో అటూ ఇటూ వెతకడం అలవాటు చేయాలి. ఎదురుగాలి ఎందుకంటే, పక్షి వాసన గాలితోపాటే కుక్క ముక్కుకు చేరుతుంది. వెనుకనుంచి గాలి వీస్తే కుక్క పక్షిని దాటిపోయి, అవతలినుంచి మనవైపు తిరిగి వెతకాల్సి వస్తుంది.

దగ్గరగా ఉండమని అరిచే కన్నా, దగ్గరలోనే పక్షి దొరుకుతుందని దానికి నమ్మకం కలిగించడం మేలు. నడిచే దారికి ఒకసారి ఎడమవైపు, ఒకసారి కుడివైపు, కాస్త దూరంలో గడ్డిలో పావురాలను ఉంచుతారు. యజమాని పరిసరాల్లోనే పక్షులుంటాయన్న సంగతి ఒంటబట్టిన కుక్క, దూరంగా పరుగెత్తడాన్ని తనంతట తానే తగ్గించుకుంటుంది. కరెంటు పట్టెడతో దీన్ని నేర్పాలనుకునేవారున్నారు గానీ, బాగా తెలిసిన ఆజ్ఞను గుర్తు చేయడానికి తప్ప కొత్త పాఠం చెప్పడానికి అది పనికిరాదని నా అభిప్రాయం.

తుపాకి చప్పుడు విషయంలో తొందర అసలు కూడదు. భయపడుతుందో లేదో చూద్దామని కుక్కపిల్లను కాల్పుల మైదానానికి తీసుకుపోవడం కన్నా తెలివితక్కువ పని లేదు. అది పావురం వెంట ఉత్సాహంగా పరుగెడుతున్నప్పుడు, దూరంనుంచి ఎవరైనా చిన్న బొమ్మ తుపాకి పేల్చాలి. చెవి కూడా కదపకపోతే కొన్నాళ్ళకు దూరం తగ్గించాలి. ఒకసారి చప్పుడుకు జడిసిన కుక్కను తిరిగి దారికి తేవడం చాలా కష్టం.

ఫెజెంట్ చైనానుంచి వచ్చిన పక్షి అయినా, దక్షిణ డకోటా దాన్ని 1943లో రాష్ట్ర పక్షిగా స్వీకరించింది. అక్కడ మొదటి వేట కాలం 1919లో స్పింక్ కౌంటీలో జరిగింది. అక్టోబరు మూడో శనివారం మొదలయ్యే కాలంలో మనిషికి రోజుకు మూడు పుంజులే అనుమతి, పెట్టలను కొట్టకూడదు. కుక్కకు ఈ తేడా తెలియదు, రెంటినీ లేపుతుంది. అందుకే పక్షి లేవగానే కుక్క కూర్చోవాలని నేను పట్టుబడతాను. చాలామంది వేటగాళ్ళు దీన్ని వేటకుక్కల పోటీలకు వెళ్ళేవారి చాదస్తం అంటారు గానీ, తక్కువ ఎత్తులో ఎగిరే పక్షి వెంట దూకే కుక్క నేరుగా గురిలోకే వస్తుంది. (మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది కనుక, అక్కడివారు ఈ శిక్షణను పక్షికి బదులు విసిరే బొమ్మలతోనే ముగించాలి.)

లాబ్రడార్ విలువ బయటపడేది గాయపడి పరుగెత్తే పుంజు దగ్గర. రెక్క విరిగినా కాళ్ళు బాగుంటే అది పడిన చోట ఉండదు. జమ్ముగడ్డిలో దూరి ఎంతో దూరం పోతుంది. పక్షి పడిన చోట భైరవి ఈకలను ఒకసారి వాసన చూసి, ముక్కు నేలకు ఆనించి, తోక వేగం పెంచి, మనం అనుకున్న దిక్కుకు పూర్తిగా వ్యతిరేకంగా వెళ్తుంది. అప్పుడు దాన్ని వెనక్కి పిలవకూడదు. పక్షి పడడం మనం చూశాం నిజమే, కానీ ఆ తరువాత అది ఎటు నడిచిందో కుక్క ముక్కుకే తెలుసు. ఇక్కడ మాత్రం ఆ 25 గజాల నియమం వర్తించదు, ఈల జేబులోనే ఉండాలి.

అక్టోబరు ఎండలో కుక్కకు వడదెబ్బ తగలవచ్చు కాబట్టి నీళ్ళు మన సంచిలోనే ఉండాలి. సాయంత్రం బండి ఎక్కించే ముందు చెవులు, కాలివేళ్ళ సందులు, కళ్ళ మూలలు వెతికి గడ్డి ముళ్ళు తీసేయాలి. అవి చర్మంలోకి దిగితే వెనక్కి రావు, ముందుకే పోతాయి. చీము పట్టాక పశువైద్యుడు కోసి తీయవలసి వస్తుంది.